ఎవరు వాయిస్తారు?

విజయనగరంలో రాయ్‌పూర్ ప్యాసింజరు ఎక్కితే గొట్లాం, గరుడబిల్లి, గజపతినగరం, కోమటిపల్లి, దొంకినవలస దాటాక బొబ్బిలి. ఎక్స్‌ప్రెస్సుల్లో పోయేవాళ్లకి ఈ పేర్లు పట్టవు. మాఘమాసం, ఎండ ఇంకా ముదరలేదు. కోతలైపోయిన వరిమళ్లలో పెసరా మినుమూ పచ్చగా పరుచుకుని ఉన్నాయి. నా ఎదుటి పెద్దాయన కాళ్ల దగ్గర గోనెసంచీలో లేత పనసకాయలు. కూతురింటికి పట్టుకెళ్తున్నాడు, పొట్టు కూరకి. బొబ్బిలిలో ఏం పని అని అడిగాడు. వీణలు చూడాలన్నాను.

"అయితే ఇది చూడండి ముందు," అని సంచీ మీద చెయ్యి వేశాడు. "మా పెరట్లో చెట్టువి. మా తాత ఏసినాడు ఆ చెట్టుని. వీణలోళ్లు వొచ్చి అడిగినారు బాబూ. నానివ్వనేదు. కొట్టీడానికి మనసొప్పాల కదేటి."

ఆయన మనసు ఒప్పుకోకపోవడానికీ, వీణలవాళ్లు ఆయన గుమ్మం ఎక్కడానికీ కారణం ఒకటే, ఆ చెట్టు వయసు. లేత పనస వీణకి పనికిరాదు. ఏళ్ల తరబడి నిలిచి, లోపల చేవ పట్టి, కోస్తే పసుపుపచ్చగా మెరిసే మాను కావాలి. పనస తేలికగా ఉంటుంది, కానీ గట్టిది. చెదలు తొందరగా దరిచేరవు. సరిగ్గా ఆరితే వంకర పోదు. తీగ అదిరినప్పుడు ఆ అదురుని మింగెయ్యకుండా మోస్తుంది. బొబ్బిలి వీణకి ఇంకో పట్టింపు కూడా ఉంది. కుండా, దండీ ఒకే మానులోంచి రావాలి. అతుకులు వేసిన వీణలు మరోచోట ఉంటాయి, అవీ మంచివే. ఇక్కడి పేరు మాత్రం ఏకాండి వీణ వల్లే నిలబడింది. అంటే వీణ పొడుగుకి సరిపడా చీలికా, పుచ్చూ, పెద్ద ముడీ లేని మాను దొరకాలి. పెరళ్లు చీలి ఇళ్లయ్యాక అలాంటి మాను ఎక్కడుంది? పెద్దాయనలాంటి వాళ్ల పెరట్లో ఉంది, ఆయనేమో ఇవ్వడు. కాయలు తినేవాడి పక్షమూ, వీణ చేసేవాడి పక్షమూ రెండూ న్యాయమే అనిపించింది నాకు, పైగా పొట్టు కూర అంటే నాకు మరీ ఇష్టం.

ముందురోజంతా విజయనగరంలోనే ఉన్నాను. కోట దగ్గర్లోని సంగీత కళాశాల చూడకుండా వీణల కోసం బొబ్బిలి వెళ్లడం న్యాయం కాదు. 1919లో విజయరామ గజపతి రాజు దీన్ని పెట్టించినప్పుడు మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన పుట్టిన అజ్జాడ బొబ్బిలి పక్కనే. అదే ఏడు వయొలిన్ ఆచార్యులుగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆ కుర్చీలోకి వచ్చారు. ఘంటసాల ఇక్కడే చదివాడు, సుశీల ఇక్కడే చదివింది. ఇవన్నీ విజయనగరంలో రిక్షా తొక్కే మనిషి కూడా చెప్తాడు. నాకు తట్టిన సంగతి వేరు. ఈ ఊరికి వీణ పాతకాపు, వయొలిన్ కొత్తగా వచ్చిన అతిథి. మెట్లు లేని ఆ చిన్న వాయిద్యం మీద ద్వారంవారు గమకాన్ని ఎంత దూరం తీసుకెళ్లాలో అంత దూరం తీసుకెళ్లారు. వందేళ్లలో అతిథి కచేరీ వేదికెక్కి కూర్చున్నాడు, పాతకాపు చాలా ఇళ్లలో బీరువా పైకెక్కింది. దీనికి పండితులు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. నేను ఒక మోటు కారణం కలుపుతాను. వయొలిన్ని పెట్టెలో పెట్టుకుని బస్సెక్కొచ్చు, తీగ తెగితే మనమే మార్చుకోవచ్చు. వీణ అలా కాదు. కొన్నేళ్లకోసారి దాని మెట్లన్నీ ఊడదీసి మళ్లీ కట్టే మనిషి అందుబాటులో ఉండాలి. ఆ మనిషి లేని ఊళ్లో వీణ ఉన్నా లేనట్టే.

అలాంటి మనుషులు ఉన్న ఊరే గొల్లపల్లి. బొబ్బిలిని ఆనుకునే ఉంది. బొబ్బిలి అనగానే మనకి 1757 జనవరి 24 నాటి యుద్ధం గుర్తొస్తుంది, ఫ్రెంచి బుస్సీ ఫిరంగులూ, విజయనగరం ప్రభువు విజయరామరాజు పగా, రాజాంలో ఉండిపోయిన తాండ్ర పాపారాయుడూ. ఆటో అతను కూడా నన్ను ముందు యుద్ధ స్మారకానికే తీసుకెళ్లబోయాడు. వీణ కథ ఆ యుద్ధం కన్నా పాతది. పదిహేడో శతాబ్దంలో పెదరాయుడనే బొబ్బిలి ప్రభువు తానే వీణ వాయించేవాడనీ, ఆయన ఆదరణలోనే ఇక్కడ వీణలు చెయ్యడం మొదలైందనీ చెప్పుకుంటారు. కోట కూలింది, పని కూలలేదు. సర్వసిద్ధి ఇంటిపేరుగల కుటుంబాలు తరాలుగా ఇదే చేస్తున్నాయి. 2011-12లో బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నేను వెళ్లిన పనిచోట వాకిట్లో సగం తొలిచిన కుండ బోర్లా పడి ఉంది. బాడిసతో ఒకతను ఇంకో కుండ లోపలి చెక్క చెలుగుతున్నాడు. చెలిగినప్పుడల్లా వేలితో గోడ మందం తడిమి చూస్తున్నాడు, కొలబద్ద తియ్యడం లేదు. లోపల అలమరలో బుల్లి వీణలు వరసగా, యాళి ముఖాలన్నీ ఒకే వైపుకి. సన్మాన సభల్లో శాలువాతో పాటు ఇచ్చేవి ఇవే. లేపాక్షి దుకాణాల్లోనూ కనిపిస్తాయి. వీటిని చూసి ముక్కు విరిచే సంగీతజ్ఞులు ఉన్నారు. నాకు అలా అనిపించలేదు. పెద్ద వీణ అమ్ముడయ్యే దాకా ఇంట్లో పొయ్యి వెలిగించేది ఈ బుల్లి వీణే. మానులో పెద్ద వీణకి పనికిరాని ముక్కలన్నీ వీటిలో సర్దుకుంటాయి కూడా.

నేను వచ్చింది అవి చూడ్డానికి కాదు. మూలన చాప మీద ఒక పాత వీణ ఉంది. మెట్లన్నీ తీసేశారు. పొడుగాటి దండి మీద నల్లటి మైనం మరకలు తప్ప ఏమీ లేదు, పళ్లూడిన నోరులా ఉంది. శ్రీకాకుళంలో ఎవరింట్లోదో. మామ్మగారు పోయాక బీరువా మీద ఉండిపోయింది. ఇప్పుడు మనవరాలు నేర్చుకుంటానంటే దించారట. కుండ మీది పలక ఒక పక్క కుంగింది. తీగలు ఆనే గుర్రం మీది కంచు రేకులో తీగలు తిన్న గాళ్లు. లంగర్లకి చిలుం. బిరడలు తిప్పితే నిలవడం లేదు, జారిపోతున్నాయి. రెండో బుర్ర, అంటే దండి చివర కింద వేలాడేది, అసలు సొరకాయదే. ఇప్పుడు ఆ చోట కాగితపు గుజ్జుతో చేసినదో, రేకుదో, ఫైబరుదో పెడుతున్నారు. ఎలకలు కొరికినా ఆ పాత సొరబుర్రని పారెయ్యకుండా పక్కన పెట్టారు.

మేస్త్రి అరవై దాటిన మనిషి. నేను కూర్చున్నానని పని ఆపలేదు, మాట మాత్రం కలిపాడు. మైనం కలపడంతో మొదలుపెట్టాడు. తేనెమైనం కరిగించి, అందులో గుగ్గిలం పొడి, మసి బొగ్గుపొడి కలిపి, కాస్త చల్లారాక రోటి పచ్చడి ముద్దంత ముద్ద చేసి చేత్తో పిసుకుతాడు. మైనం ఒక్కటే అయితే ఎండాకాలం మెత్తబడిపోతుంది, గుగ్గిలం ఎక్కువైతే పెళుసెక్కి పగులుతుంది. పాళ్లు ఎంతని అడిగితే వేళ్లు చూపించాడు. వేళ్లకి తెలుస్తుందట. ఆ ముద్దని దండి పొడుగునా రెండు గట్లుగా పేరుస్తాడు. గట్టు మీద గట్టు కాదు, దండికి ఇటొకటి అటొకటి. ఒక్కో మెట్టునీ కాస్త వేడి చేసి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అడ్డంగా అదుముతాడు. మొత్తం 24 మెట్లు. ఒక స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు.

అన్నీ వరసగా పెట్టడు. ముందు సారణి తీగని శ్రుతి చేసుకుని పన్నెండో మెట్టు వెతుకుతాడు. తీగ పొడుగులో సగం దగ్గర పై షడ్జం పలకాలి. అది కుదిరాక ఏడో మెట్టు, పంచమం. మూడింట రెండొంతుల తీగ మిగిలేచోట. తర్వాత అయిదోది, మధ్యమం. ఈ మూడూ నిలబడ్డాక మిగతావి వాటి మధ్యలో చోటు చూసుకుంటాయి. లెక్క ప్రకారం గీతలు గీసి పెట్టేస్తే సరిపోదా అన్నాను. సరిపోదన్నాడు. మెట్ల మధ్య తీగని వేలు కిందికి నొక్కుతుంది కదా, నొక్కినకొద్దీ తీగ బిగిసి స్వరం కొంచెం పైకి జరుగుతుంది. ఆ కొంచెం ఎంత అన్నది వేలిని బట్టి, తీగ మందాన్ని బట్టి, కట్టుకున్న శ్రుతిని బట్టి. అందుకే ఫోన్లో శ్రుతి చూపించే యాప్ ఉన్నా దాన్ని ఆఖరున సరిచూసుకోవడానికే వాడుతున్నాడు. మెట్టు మీద వేలు పెట్టి మీటుతాడు, ఒక వెంట్రుకవాసి జరుపుతాడు, మళ్లీ మీటుతాడు. ఏడో మెట్టు దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. దాన్ని పీకి, మైనం గీకి, మళ్లీ పెట్టాడు. నాకు రెండుసార్లూ ఒక్కలాగే వినిపించింది.

నన్ను అడగాల్సింది అప్పుడే అడిగాడు. "మీరు కూడా పాతది కావాలంటన్నారు గదా బాబూ. ఎవరు వాయిస్తారు?"

ఇక్కడ మా బావమరిది సంగతి చెప్పాలి. వాడు బాల్టిమోర్‌లో ఉంటాడు. పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి పాత బాంజోలు. బాంజో అంటే మన భజన బృందాల్లో మీటలు నొక్కుతూ వాయించే పెట్టె కాదు, అది జపాన్ నుంచి వచ్చిన బుల్‌బుల్ తరంగ్. వీడిది చర్మం బిగించిన గుండ్రటి చట్రం, పొడుగాటి మెడ, అయిదు తీగలు. అందులోనూ మెట్లు లేని మెడవే వాడికి కావాలి. పశ్చిమాఫ్రికాలో, సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా జనం సొరకాయ బుర్రకి చర్మం మూసి, మెట్లు లేని కర్ర మెడ తగిలించి అకాంటింగ్ అనే వాయిద్యం వాయిస్తారు. అలాంటి వాయిద్యాల జ్ఞాపకాన్ని బానిసలుగా పట్టుకుపోయిన మనుషులు సముద్రం దాటించారు. అమెరికా తోటల్లో అదే బాంజో అయింది. తర్వాత తెల్లవాళ్లు ముఖాలకి నల్లరంగు పూసుకుని ఎగతాళి నాటకాల్లో దాన్ని వాయించి డబ్బు చేసుకున్నారు. 1840లలో బాల్టిమోర్‌లోనే విలియం బౌచర్ అనే డోళ్ల తయారీదారు బాంజోలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అవీ మెట్లు లేనివే, పేగు తీగలవే. ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మెట్లు బిగించిన బాంజోలు వ్యాపించాయి. మెట్లు లేనివి అటకలెక్కి, అక్కణ్ణుంచి వేలంపాటలకి వచ్చాయి.

సేకరించేవాళ్లకి ఒక నియమం ఉంది. ఏదీ మార్చకూడదు. చిరిగినా ఆ చర్మమే ఉండాలి, జారినా ఆ బిరడలే ఉండాలి, చేతులు తాకి నల్లబడ్డ మెడని పాలిష్ పెట్టి తెల్లబరచకూడదు. మార్చినకొద్దీ విలువ పడిపోతుంది. దానికి అర్థం ఉంది. ఆ బాంజో చేసిన మనుషుల గురించి రాసిపెట్టిన కాగితాలు బహుతక్కువ. చెక్క మీది ఉలి గాటే కాగితం. దాన్ని చెరిపేస్తే సాక్ష్యాన్ని చెరిపేసినట్టే. మా బావమరిది ఇదంతా ఫోన్లో చెప్పి, "బావా, మన వైపు అలాంటి వీణ ఒకటి చూడు. నూరేళ్లు దాటింది, ఎవరూ ముట్టుకోనిది, మొదటి మెట్లతో," అన్నాడు.

మొదటి మెట్లతో అన్న మాటని నేను గొల్లపల్లి మేస్త్రికి చెప్పాను. ఆయన నవ్వలేదు, పాపం, అర్థం చేసుకోవడానికే ప్రయత్నించాడు. "మెట్లు అవే ఉండొచ్చు బాబూ, కంచువి గదా. మేళం ఎలాగుంటాది? మైనం జారిపోద్ది."

నేను రైల్లో వెళ్తూ అనుకున్నదంతా అక్కడ తలకిందులైంది. మేళం అంటే మైనం మీద మెట్ల అమరిక. వీణకి మొదటి మేళం అంటూ ఉండదు. చెప్పుకునే చరిత్ర ప్రకారం తంజావూరును 1600 నుంచి 1634 దాకా ఏలిన తెలుగు రాజు రఘునాథ నాయకుడి కాలంలో వీణకి 24 మెట్లు స్థిరపడ్డాయి, అంతకుముందు రాగానికి తగ్గట్టు జరుపుకునే మెట్లుండేవి. స్థిరపడ్డాయన్నమాటే గానీ వాటిని నిలబెట్టింది మేకులతో కాదు, మైనంతో. మేకులు కొట్టడం రాక కాదు. మైనమైతే మళ్లీ తియ్యొచ్చు, చేతిని బట్టి సర్దొచ్చు. మన కోస్తా ఎండకి మైనం కదలడమూ లెక్కలోదే. అంటే వాడకంలో ఉన్న ప్రతి వీణా కొన్నేళ్లకోసారి మెట్లు లేని కర్రయిపోయి మళ్లీ వీణవుతుంది. నూరేళ్ల వీణలో ఎవరూ ముట్టుకోని మేళం ఉందంటే దాన్ని చాలా ఏళ్లుగా ఎవరూ వాయించలేదనే లెక్క. పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెరకీ మైనమే ఆధారం. 2022లో దర్శనం మొగులయ్యకి పద్మశ్రీ వచ్చాకే మనలో చాలామందికి ఆ వాయిద్యం ఒకటుందని తెలిసింది.

అయితే పాతదనం ఎక్కడుంది? మేస్త్రిని అడిగితే మెట్ల వైపు చూడలేదు. వీణని ఒళ్లోకి తీసుకుని కుండ అడుగున గోటితో కొట్టాడు. "ఇది సూడండి." మళ్లీ దండికీ కుండకీ మధ్య నడుం దగ్గర. తర్వాత వాకిట్లో తయారవుతున్న కొత్త కుండని కొట్టాడు. ఈసారి తేడా నాకూ తెలిసింది. కొత్తది టక్కుమని ఆగింది. పాతది కొంచెం దూరం వెళ్లి ఆగింది. ఆరి ఆరి, ఏళ్ల తరబడి అదిరి అదిరి చెక్క అలా అవుతుందని ఆయన నమ్మకం. శాస్త్రం ఏమంటుందో శాస్త్రజ్ఞులూ మేస్త్రులూ తేల్చుకోనీ. మేస్త్రి లెక్కలో వీణ వయసు మానులో ఉంది, లోపల బాడిస గాట్లలో ఉంది. ఆ గాట్లు చూసి ఇది ఎవరి చెయ్యో చెప్పగలనన్నాడు, ఈ మామ్మగారి వీణ తన పెదనాన్న చెయ్యి అని కూడా చెప్పాడు. కుంగిన పలకని మాత్రం మార్చేస్తాడు. మా బావమరిది వింటే గుండె పట్టుకునేవాడు.

ఎవరు వాయిస్తారన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఎవరూ వాయించరు, అద్దాల బీరువాలో ఉంటుంది అని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ఆ ప్రశ్న మర్యాదకి అడగలేదు. ఆడవాళ్ల శ్రుతికా మగవాళ్ల శ్రుతికా, చిన్నపిల్లల చెయ్యా కచేరీ చెయ్యా, ఇది తెలియకుండా మేళం పెట్టడం కుదరదు. మనవరాలిది లేత చెయ్యి కాబట్టి ఈ వీణకి తీగలు సన్నవి వేస్తున్నాడు. మామ్మగారి తీగలు బరువైనవట.

ఆ రాత్రి బొబ్బిలి లాడ్జిలో బావమరిదికి ఫోన్ చేసి ఇంకో రెండు సంగతులు చెప్పాను, ఇవి కళ కన్నా మొండివి. రెండూ 1972 నాటి చట్టాలే. నూరేళ్లు దాటిన కళావస్తువుని మన ప్రభుత్వం పురావస్తువుగా లెక్కేస్తుంది, దాన్ని మామూలు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు. ఇక పాత వీణల మీద అలంకారానికి ఏనుగు దంతం, దుప్పికొమ్ము పొదిగేవారు. వన్యప్రాణి సంరక్షణ చట్టమూ దాని సవరణలూ వచ్చాక అలాంటివి కొనడం, అమ్మడం జైలుకి దారి. ఇప్పుడు ఆ చోట ప్లాస్టిక్కు వేస్తున్నారు. చూడ్డానికి పెద్ద తేడా లేదు, ఏనుగు చావలేదు. నూరేళ్లు దాటితే పంపలేను, దాటకపోతే నీకు అక్కర్లేదు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి చర్మం వాయిద్యం ఏదైనా ఉందా అక్కడ, మెట్లు లేనిది?" అన్నాడు. సేకరించేవాళ్లు ఇంతే. ఒక తలుపు మూస్తే పక్క కిటికీ తడతారు.

ఉంది. బాంజోకి మనవైపు నిజమైన చుట్టం వీణ కాదు, జముకు. మర్నాడు రాజాం మీదుగా శ్రీకాకుళం బస్సెక్కాను. రాజాంలో పావుగంట ఆగింది. పాపారాయుడి విగ్రహం ఎటుందో చూద్దామంటే టీ కొట్టు ముందు జనం.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అమ్మవారి పండగలకి జముకులపాట ఉంటుంది. కథ చెప్పే ప్రధాన గాయకుడు, ఇద్దరు వంతలు, రాత్రంతా. నాగావళి ఒడ్డున, ఊరి చివర ఉండే ఒక కళాకారుడి ఇంటికి తెలిసినాయన తీసుకెళ్లాడు. రాత్రి పాట పాడొచ్చి పడుకున్నవాడు మేం వెళ్లేసరికి అప్పుడే లేచి మొహం కడుక్కుంటున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. మాటకన్నా చేత్తోనే ఎక్కువ చెప్పాడు.

జముకు చూడ్డానికి ఏమీ ఉండదు. చిన్న బిందె ఎత్తున్న గొట్టంలాంటి ఇత్తడి గిన్నె, రెండు వైపులా నోరున్నది. కొందరివి చెక్కవి. అడుగు నోటికి మేకతోలు బిగించి ఉంటుంది. తోలు నడిమధ్య బెజ్జం, అందులోంచి ఒక నరం తీగ లోపలికి వెళ్లి రెండో నోట్లోంచి బయటికొచ్చి చిన్న కర్రముక్కకి కట్టి ఉంటుంది. గిన్నెని చంకలో ఇరికించి, ఎడమచేత్తో కర్రముక్క పట్టి తీగని లాగుతూ కుడిచేత్తో మీటుతాడు. లాగితే స్వరం పైకి, వదిలితే కిందికి. మెట్టు లేదు, దండి లేదు, బిరడ లేదు. స్వరం ఉన్నది ఎడమ మణికట్టులో. అకాంటింగ్‌లో పొడుగు మెడ చేసే పని ఇక్కడ మనిషి చెయ్యే చేస్తోంది. తోలూ తీగా కలిసి పలికినప్పుడు అది డప్పూ కాదు, వీణా కాదు. కింద గుమ్మని గుండెలో తగిలి, పైన సాగుతుంది. ఆయన ఒక్క దరువు వేసి, దాని మీద ఏడుపులాంటి జారు ఒకటి లాగి చూపించాడు. కథలో ఆడపిల్లని అత్తారింటికి పంపేచోట అలా లాగుతాడట. వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఆయన కోడలు చేట ఆపి, "పొద్దున్నే ఏటి మావా ఆ ఏడుపు?" అంది.

కొండమీద సవరల దగ్గరా సొరకాయ బుర్రల తీగవాయిద్యాలున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు రాశాడు కాబట్టి వాళ్ల మాటలైనా కాగితం మీదికి ఎక్కాయి. జముకుకి అలాంటి పంతులు ఇంకా దొరకలేదు. సీతంపేట దాకా వెళ్లాలనుకున్నాను గానీ కుదరలేదు.

ఆయన జముకు తాతల నాటిది. ఇత్తడి మీద చంక తగిలేచోట మాత్రం అద్దంలా మెరుస్తోంది, మిగతాదంతా నల్లగా ఉంది. అంచు ఒకచోట సొట్టపోయింది, ఏ తిరునాళ్లలోనో పడిందట, ఎవరి హయాంలో పడిందో ఇంట్లో ఇంకా తగువే. తోలు మాత్రం ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు. వానాకాలం తోలు వదులై మూగపోతుంది, మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకోవాలి. కాచి కాచి ఒకరోజు చిరుగుతుంది. నరం తీగ బదులు ఇప్పుడు ప్లాస్టిక్ దారం కట్టాడు, చేపల వలలకి వాడేది. నరమైతే బాగా పలుకుతుంది గానీ తడికి ఉబ్బుతుంది, తెల్లారేలోగా రెండుసార్లు తెగుతుంది. అర్ధరాత్రి కథ మంచి పట్టులో ఉండగా తీగ తెగితే జనం లేచిపోతారు. బాల్టిమోర్‌లోనూ పేగు తీగల బదులు నైలాన్ కట్టేవాళ్లు ఉన్నారని చెప్పాను. "మరేటి," అన్నాడు, అందులో వింతేముందన్నట్టు.

నేను మెల్లగా విషయం కదిపాను. మా బావమరిది పాతది కొనుక్కుంటాడట, బాగు చెయ్యక్కర్లేదు, చిరిగిన తోలుతో అలాగే కావాలట అన్నాను. ఆయన నా వంకా, నన్ను తీసుకొచ్చినాయన వంకా చూశాడు. చిరిగిందానితో ఆ బాబు ఏం చేస్తాడని అడిగాడు. దాచుకుంటాడన్నాను. ఆయన లోపలికి వెళ్లి చూరులోంచి ముడుచుకుపోయిన తోలుముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎండి, అంచులు పైకి లేచి, మధ్య బెజ్జం దగ్గర అడ్డంగా చీలి ఉంది.

"పాత తోలే కావాలంటే ఊరికే పట్టుకెళ్లండి బాబూ. గిన్నె మాత్రం ఇవ్వను."

తోలు ఎన్నాళ్లదని అడిగాను. కిందటి దసరాకి వేసిందట, సంక్రాంతికి చిరిగిందట.

గిన్నె మీద బేరం సాగదని తేలిపోయింది. కావాలంటే కొత్తది చేయించుకోమన్నాడు. బుడితిలో ఇత్తడి, కంచు పనివాళ్లున్నారు, తన గిన్నె తీసుకెళ్లి చూపిస్తే అదే కొలతకి పోసిస్తారు, తోలు తనే బిగిస్తాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. ఆ అమెరికా బాబు ఒకసారి వచ్చి తన ఎదుట చంకలో పెట్టుకుని చూపించాలి. చెయ్యి పొడుగు తెలియకుండా తీగ ఎంత వదలాలో ఎలా తెలుస్తుంది? నరసన్నపేట బస్సు ఎన్నింటికో, అక్కడ దిగి బుడితికి ఏ ఆటో ఎక్కాలో కూడా చెప్పి, గొంతుకి వేడినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాడు.